మనసులో మెదిలిన మాట ఎవరిదో తేల్చుకోవడం ఎలా

మా చర్చిలో "ప్రభువు నాతో మాట్లాడాడు" అనే మాట వినబడని ఆదివారం ఉండదు. ఒకరిని ఇల్లు కొనమన్నాడు, ఒకరిని ఉద్యోగం మానేసి సేవలోకి రమ్మన్నాడు, ఇంకొకరికి ఫలానా అమ్మాయిని చూపించాడు. ఎగతాళికి చెప్పడం లేదు. దేవుడు మాట్లాడతాడని నేనూ నమ్ముతాను, లేకపోతే పొద్దున్నే లేచి మోకరించడం దేనికి? కాకపోతే నా బతుకుతెరువు దస్తావేజులు రాయడం. ఒంగోలులో రిజిస్ట్రార్ ఆఫీసుకు ఎదురుగా బల్ల వేసుకుని కూర్చుంటాను. "నా పూర్తి ఇష్టంతో, ఎవరి బలవంతమూ లేకుండా" అనే ముక్క రోజూ టైపు చేస్తాను. దాని కింద వేలిముద్ర వేసే మనిషి మొహం చూస్తే ఆ ఇష్టం నిజంగా ఎవరిదో చాలాసార్లు తెలిసిపోతుంది. ప్రార్థనలో నన్ను నేనూ అలాగే చూసుకోవడం అలవాటైంది.

చర్చిలో డీకనుగా, అంటే సంఘ పరిచారకుడిగా, ఉన్నాను కాబట్టి కుర్రాళ్ళు వచ్చి అడుగుతుంటారు: "అంకుల్, ఇది ప్రేరేపణో నా ఆశో ఎట్లా తెలిసేది?" వాళ్ళకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నా. వేదాంత కళాశాల చదువు నాకు లేదు. నాకు పనికొచ్చిన పద్ధతి చెబుతాను, అంతే.

ముందు రాయండి

మనసులో మెదిలినదాన్ని రాయకుండా వదిలేస్తే అది పూటకో రూపం మారుస్తుంది. పొద్దున "తమ్ముడితో మాట్లాడు" అన్నది సాయంత్రానికి "తమ్ముడికి బుద్ధి చెప్పు" అయి కూర్చుంటుంది. అందుకని ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. ఫోన్‌లో వద్దు. ఫోన్ తీస్తే వాట్సాప్ కనబడుతుంది, ఇక ప్రార్థన అయిపోయినట్టే. తేదీ వేసి ఒకే వాక్యంలో రాయండి: ఎవరి దగ్గరికి వెళ్ళాలి, ఏం చేయాలి. దాని కింద, దీనివల్ల ఖర్చు ఎవరికి, లాభం ఎవరికి. అది కూడా రాయండి, సిగ్గుపడకుండా.

ఒక్క వాక్యంలో పట్టకపోతే అది ఇంకా ప్రేరేపణ కాలేదు, అప్పటికి ఉన్న మూడ్ మాత్రమే. "దేవుడు నన్ను గొప్పగా వాడుకోబోతున్నాడు" అనేది హద్దులు రాయని దస్తావేజు లాంటిది. తూర్పున ఎవరి స్థలం, పడమర ఏ బజారు అని లేకుండా ఎన్ని గజాలు రాసుకుంటే ఏం లాభం? దమస్కులో అననీయకు వచ్చిన మాట చూడండి, అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం. తిన్ననిది అనే వీధి, యూదా అనేవాడి ఇల్లు, తార్సు నుంచి వచ్చిన సౌలు అనే మనిషి. అడ్రసుతో సహా ఉంది. పైగా అననీయకు అది నచ్చలేదు, సౌలు విశ్వాసుల్ని హింసించేవాడు మరి. "ఈ మనిషి గురించి చాలామంది చెప్పగా విన్నాను ప్రభువా" అని మొరాయించాడు. ఎక్కడికి పోవాలో తెలుసు, పోవాలని మాత్రం లేదు. నా అనుభవంలో అసలైన ప్రేరేపణ ఎక్కువగా ఇలాగే ఉంటుంది.

ఇంకో సంగతి, దాని సైజు. అది మనం అనుకున్నంత పెద్దగా ఉండదు. ఓసారి ఓ పెద్దావిడను ఇద్దరు కొడుకులు తీసుకొచ్చారు. ఇల్లు పెద్దకొడుకు పేర సెటిల్‌మెంటు. చిన్నవాడికి రొక్కం ముట్టిందట. డ్రాఫ్టు వాళ్ళే ఎక్కడో రాయించుకుని తెచ్చారు, టైపు చేసిస్తే చాలన్నారు. ఆవిడ నా బల్ల పక్కన ప్లాస్టిక్ కుర్చీలో చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సంచిలోంచి మందుల చీటీలు, ఆధార్ జిరాక్సు బయటికి కనబడుతున్నాయి. ఇంకా ఇంకు అంటనే లేదు, అప్పుడే బొటనవేలు కొంగుకు తుడుచుకుంటోంది. నాకు లోపల ఒకటే గుచ్చుతోంది: చదివి వినిపించు. రాయొద్దని కాదు, కొడుకుల్ని నిలదీయమనీ కాదు. చదివి వినిపించు, అంతే.

గట్టిగా చదివాను. ఆవిడ బతికినన్నాళ్ళు ఆ ఇంట్లో ఉండే హక్కు గురించి, తిండి గురించి, మందుల గురించి ఒక్క ముక్క లేదు. "అమ్మా, రాసిచ్చాక మీరు ఎక్కడుంటారు?" అన్నాను. ఆవిడ కొడుకు వైపు చూసింది. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ కోసం 2007లో ఒక చట్టం వచ్చిందనీ, పోషించాలనే షరతు మీద రాసిచ్చిన ఆస్తి విషయంలో ఆ షరతు తప్పితే 23వ సెక్షన్ కింద ఆ దస్తావేజు చెల్లదనిపించుకోవచ్చనీ, అందుకే ఆ షరతు కాగితంలోనే ఉంటే ఆవిడకు బలమనీ చెప్పాను. పెద్దకొడుకు "మీ పని మీరు చూసుకోండి" అని కాగితాలు తీసుకుని పక్క బల్ల దగ్గరికి నడిచాడు. అక్కడ ఆ వాక్యం చేరిందో లేదో నాకు తెలియదు. ఫీజు మాత్రం పోయింది. నాకొచ్చిన మాట చదివి వినిపించమన్నంత వరకే. ఆ సాయంత్రం వాళ్ళింటికి పోయి పంచాయితీ పెట్టాలని అనిపించింది గానీ, అందులో కోపం పాలు ఎంతో నాకు తెలుసు.

లాభం కొట్టేసి చూడండి

నోటు పుస్తకంలో లాభం అని రాసుకున్నారే, దాని మీద గీత కొట్టేయండి. ఇప్పుడు చూడండి, ఆ ప్రేరేపణ ఇంకా నిలబడి ఉందా?

ఈ పరీక్ష నేను కనిపెట్టింది కాదు. మా జిల్లా చరిత్రలోనే ఉంది. 1876 నుంచి 78 వరకు పెద్ద కరువు వచ్చింది. జాన్ క్లౌ దొరగారు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ. సేవలోకి రాకముందు సర్వే పని చేసిన మనిషి. బకింగ్‌హాం కాలువలో కొంత మేర తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్న జనానికి కూలి ఇప్పించాడు. పగలు మట్టి తవ్వే జనం విరామంలో బోధకుల మాట వినేవాళ్ళు. వేలమంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఒక మిషనరీకి ఇంతకంటే ఏం కావాలి? అమెరికాకు రిపోర్టు రాసుకుంటే ఎంత బాగుంటుంది! ఆయన ఇవ్వలేదు. కూలీ, తిండీ తన చేతిమీదుగా అందుతున్నన్నాళ్ళు ఒక్కరికీ ఇవ్వనన్నాడు. కరువు పని ముగిసింది, పంచేది ఏమీ మిగల్లేదు. అప్పుడు కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో, వెల్లంపల్లి దగ్గర, ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. నీళ్ళలోకి దిగి ఇచ్చింది తెలుగు బోధకులే, క్లౌ గారు కాదు. మా ముత్తాతల తరంవాళ్ళు ఆ కాలంలో ఆ ఏటిలో దిగినవాళ్ళే.

2,222 అనే అంకె మా సండే స్కూలు పిల్లలందరికీ నోటికి వచ్చు. దానికి ముందు ఇవ్వకుండా ఆగిన కాలం గురించి మాత్రం ఎవరూ చెప్పరు. నా లెక్కలో అసలు సంగతి అదే.

మీ విషయంలో ఇదెలా చేయాలి? ఒకబ్బాయి వచ్చాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. "దేవుడు నన్ను డల్లాస్‌కు పిలుస్తున్నాడు అంకుల్" అన్నాడు. "జీతం ఇక్కడికంటే తక్కువ అయితే కూడా పిలుస్తున్నాడా?" అన్నాను. నవ్వేశాడు, మంచి పిల్లవాడు. వెళ్ళొద్దని నేను అనలేదు. "ప్రభువా, నాకు వెళ్ళాలని ఉంది, నీకు ఇష్టమైతే దీవించు" అని అడగమన్నాను. ఆశను ఆశ అని ఒప్పుకుంటే దేవుడేమీ చిన్నబుచ్చుకోడు. దానికి ఆయన పేరు తగిలిస్తేనే తంటా. ఎందుకంటే రేపు అక్కడ ఉద్యోగం పోతే ఆ కుర్రాడికి ఉద్యోగంతో పాటు దేవుడి మీద నమ్మకం కూడా పోతుంది.

లాభం అంటే డబ్బే అనుకోవద్దు. పేరు రావడం, నలుగురిలో "ఎంత భక్తిపరుడో" అనిపించుకోవడం, వదినగారి ముందు గెలవడం, ఇవన్నీ లాభాలే. వాటి మీద కూడా గీత పడాలి.

సమాధానం ఉంది, లేదు

మనవాళ్ళు ఎక్కువగా వాడే కొలత ఇది. సమాధానం అంటే ఇక్కడ జవాబు కాదు, మనశ్శాంతి. "దాని గురించి ప్రార్థించాను బ్రదర్, నాకు సమాధానం లేదు" అంటే ఇక ఎవరూ ఎదురు మాట్లాడరు. దీన్ని నేను పెద్దగా నమ్మను. యోనాను దేవుడు నీనెవెకు పొమ్మంటే తర్షీషు ఓడ ఎక్కాడు, ఎక్కి అడుగున పడుకుని గాఢంగా నిద్రపోయాడు. పైన తుపాను. అంతకంటే సమాధానం ఎవరికుంటుంది? గెత్సేమనేలో యేసుకేమో చెమట రక్తపు బిందువుల్లా కారింది, అయినా వెళ్ళాల్సిన చోటికే వెళ్ళాడు. మనసు తేలిగ్గా ఉంటే ఆయన చిత్తమనీ, బరువుగా ఉంటే కాదనీ తీర్మానించకండి. అప్పు ఇచ్చినవాడికి ఫోన్ చేయాలంటే ఎవరికి మాత్రం సమాధానం ఉంటుంది?

కనిపెట్టడం

కనిపెట్టడం అంటే దేవుడి కోసం ఓపిగ్గా కాచుకుని ఉండడం. దావీదు కీర్తనల్లో మాటిమాటికీ వచ్చే పని ఇది. బైబిలు మిషను వాళ్ళు సన్నిధిలో ఉండడం అంటారు. నేను చేసేది చాలా మామూలుగా ఉంటుంది. తెల్లవారుజామున, ఇంట్లో మోటారు వేయకముందు, ఒక కీర్తన బయటికి చదువుతాను. తర్వాత నోటు పుస్తకంలో ఆ వాక్యం చదివి, ఏమీ అడగకుండా కాసేపు ఉంటాను. సగం రోజులు మార్కెట్ విలువలు, చలానాలు గుర్తొస్తాయి. ఫర్వాలేదు. మళ్ళీ ఆ వాక్యం దగ్గరికి వస్తాను. కొన్ని వారాలు ఇలా పోనిస్తే నా కోపంలో పుట్టిన మాటలు వాటంతట అవే వాడిపోతాయి, చదివితే నాకే నవ్వొస్తుంది. కొన్ని మాత్రం అలాగే ఉంటాయి. గొంతు పెంచవు, అలాగని పోవు కూడా.

ఎన్నాళ్ళు అని అడుగుతారు. ఒంగోలులో ప్రార్థన కొండ అని ఉంది. 1854 జనవరి 1న తెల్లవారకముందే క్లౌ గారికి ముందున్న మిషనరీ లైమన్ జువెట్ దొరగారు, ఆయన భార్య, ముగ్గురు తెలుగు విశ్వాసులు ఆ కొండెక్కి ఈ ప్రాంతానికి ఒక మిషనరీని పంపమని ప్రార్థించారు. క్లౌ గారు ఒంగోలులో కాపురం పెట్టింది 1866లో. మధ్యలో మిషన్ మూసేద్దామన్న మాట కూడా నడిచింది. అంటే పన్నెండేళ్ళు. మీ స్కూటీ కొనాలా వద్దా అన్నదానికి అంత అక్కర్లేదులెండి.

ఒక విషయంలో మాత్రం కనిపెట్టవద్దు. ఎదురుగా ఉన్న మనిషికి ఇప్పుడే అవసరమై, సాయం మీ చేతిలో ఉంటే ప్రార్థన చేస్తానని కాలం గడపకండి. ఇవ్వగలిగి ఉండీ "రేపు రా" అనవద్దని సామెతలు 3వ అధ్యాయంలో ఉంది. మా ఇంట్లో నియమం ఇది: ఇవ్వాల్సినదైతే ఇవాళ, నాకు వచ్చేదైతే తర్వాత. దీన్ని తిరగేసే టీవీ ప్రసంగాలు వస్తాయి, రాత్రి పూట. "ఇప్పుడే, ఈ నిమిషమే విత్తనం వేయండి, స్క్రీన్ మీద నంబరుకు పంపండి" అని. విత్తనం అంటే వాళ్ళకు పంపే కానుక డబ్బు. గడువు పెట్టి తొందర చేసేవాడికి మా బల్ల దగ్గర ఎవరమూ కాగితం రాయం. ముందు ఈసీ, అంటే ఆ ఆస్తి మీద ఉన్న లావాదేవీల పత్రం, తీసి చూస్తాం.

వాగ్దానం కార్డు

డిసెంబరు 31 రాత్రి ఆరాధన అయ్యాక పళ్ళెంలో బైబిలు వాగ్దానం రాసిన కార్డులు పెడతారు, ఒక్కొక్కరం వచ్చి ఒకటి తీసుకుంటాం. నేనూ తీసుకుంటాను, మా ఆవిడ ఫ్రిజ్ మీద అతికిస్తుంది. ఏడాదంతా కనబడుతుంటే బాగుంటుంది. కానీ ఆ కార్డు చూపించి ఇంటి అడ్వాన్సు ఇచ్చేవాళ్ళున్నారు. కళ్ళు మూసుకుని బైబిలు తెరిచి వేలు పెట్టడం కూడా ఇలాంటిదే. గిద్యోను దేవుణ్ణి గుర్తు అడుగుతూ గొర్రె బొచ్చు పరిచాడు కదా అంటారు. న్యాయాధిపతులు 6 మళ్ళీ చదవండి. దేవుడు ఏం చేయమన్నాడో గిద్యోనుకు అప్పటికే స్పష్టంగా తెలుసు, ధైర్యం చాలక అడిగాడు. తెలియనిదాన్ని తెలుసుకోవడానికి కాదు.

గుచ్చడం వేరు, నలిపేయడం వేరు

మనస్సాక్షి పేరు పెట్టి చెబుతుంది: ఫలానా రోజు, ఫలానా మనిషికి, ఫలానా మాట అన్నావు, వెళ్ళి సరిచేసుకో. సరిచేసుకుంటే ఊరుకుంటుంది. "నువ్వెందుకూ పనికిరావు, నీ ప్రార్థనలన్నీ వేషం" అని రోజంతా రుబ్బేది మనస్సాక్షి కాదు. అందులో చేయాల్సిన పని ఏదీ ఉండదు కాబట్టి దాన్ని తీర్చడం కూడా కుదరదు. మన హృదయం మన మీద నేరం మోపినా దేవుడు మన హృదయం కంటే గొప్పవాడని యోహాను మొదటి పత్రిక 3వ అధ్యాయం అంటుంది, ఆ పేజీ మడత పెట్టుకోండి. మార్టిన్ లూథరు సన్యాసిగా ఉన్నప్పుడు గంటల తరబడి పాపాలు ఒప్పుకునేవాడు, వినే ఆయన విసిగిపోయేంత. ఒప్పుకున్నదే మళ్ళీ మళ్ళీ ఒప్పుకోవాలనిపిస్తూ, నిద్ర, తిండి పోతుంటే ఉపవాస కూటానికి కాదు, మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్ళండి. అక్కడ మందు వాడుతూ ఇక్కడ ప్రార్థన చేయొచ్చు.

ఎవరికి చెప్పాలి

ఇద్దరికి చెప్పండి. ఒకరు మీ ఇంట్లోవాళ్ళు, ఎందుకంటే మీ ప్రేరేపణ ఖర్చు ముందు పడేది వాళ్ళమీదే. రెండోవాళ్ళు మీ నిర్ణయం వల్ల పైసా లాభం గానీ నష్టం గానీ లేని మనిషి. మీ సొమ్ము చర్చికి రాసే విషయమైతే పాస్టరుగారు ఆ రెండో మనిషి కాలేరు, ఆయన ఎంత మంచివారైనా. చెప్పేటప్పుడు "దేవుడు చెప్పాడు" అని మొదలుపెట్టకండి. అలా అంటే అవతలివాళ్ళ నోరు కట్టేసినట్టే. "నాకు ఇలా అనిపిస్తోంది, మీకేమనిపిస్తోంది?" అనండి. యెరూషలేములో పెద్దలు ఉత్తరం రాసినప్పుడు "పరిశుద్ధాత్మకును మాకును తోచెను" అని రాశారు. అంత పెద్ద సభే "తోచింది" అంటే మనమెంత?

మీ గురించి వేరేవాళ్ళకు దర్శనం వస్తే? ముఖ్యంగా ఆడపిల్లల పెళ్ళిళ్ళ విషయంలో ఇది జరుగుతుంది. "ఈ సంబంధం ప్రభువు చూపించాడమ్మా" అని ఎవరో చెబుతారు, పిల్ల నోరెత్తలేదు. రాజులు మొదటి గ్రంథం 13వ అధ్యాయం ఆ పిల్లతో చదివించండి. యూదా నుంచి బేతేలుకు వచ్చిన దైవజనుడికి అక్కడ తినొద్దు, తాగొద్దు అని దేవుడు చెప్పాడు. బేతేలులో ఒక ముసలి ప్రవక్త "నేనూ నీలాంటి ప్రవక్తనే, దేవదూత నాతో చెప్పాడు, ఇంటికి రా" అన్నాడు. అబద్ధం. ఇతను నమ్మి వెళ్ళి భోంచేశాడు, తిరుగు దారిలో సింహం చంపింది. తనకు తెలిసినదాన్ని ఇంకొకడి దర్శనం కోసం వదులుకున్నాడు. నాకు ఆ అధ్యాయం చదివినప్పుడల్లా ముసలివాడి మీద ఒళ్ళు మండుతుంది, అతనికేమీ కాలేదు. కానీ చదవాల్సిందే.

సగం తెలిసినప్పుడు

పూర్తిగా తేలేవరకు ఆగితే కొన్ని పనులు ఎప్పటికీ కావు. నా వృత్తికి దగ్గరవాడు ఒకాయన ఉన్నాడు కాబట్టి చెబుతా. జాన్ వూల్‌మన్, 1720లో పుట్టిన అమెరికన్ క్వేకరు, అంటే క్రైస్తవుల్లో ఒక శాఖవాడు. న్యూజెర్సీలో ఒక కొట్టులో పని చేసేవాడు, కాగితాలు రాసిపెట్టేవాడు. ఒకరోజు యజమాని ఒక నల్లజాతి బానిస స్త్రీని అమ్ముతూ క్రయపత్రం రాయమన్నాడు. కొన్నవాడు నిలబడి ఉన్నాడు. వూల్‌మన్‌కు లోపల గుచ్చింది, అయినా రాశాడు. రాసి, బానిసల్ని ఉంచుకోవడం క్రైస్తవ మతానికి పొసగదని వాళ్ళిద్దరి ఎదుటే అన్నాడు. తర్వాత ఇంకొకరు అలాంటి కాగితమే రాయమంటే రాయనన్నాడు. ఆ తర్వాత జీవితమంతా ఊరూరా తిరిగి, బానిసలున్న తోటి క్వేకర్ల ఇళ్ళకే వెళ్ళి, కూర్చుని మాట్లాడాడు. అందరికీ ఒక్కసారే వెలుగు రాదు. అర్థమైన ముక్క మేరకు చేస్తే తర్వాతి ముక్క కనబడుతుంది. చూసీ కదలకపోతే అలవాటైపోతుంది. పౌలు వాత వేయబడిన మనస్సాక్షి అన్నది అదే.

అందరూ తినేది మీరు తినకపోతే

దసరాకు మా బల్లలన్నిటికీ ఆయుధపూజ. కంప్యూటరుకు, ప్రింటరుకు పసుపు, కుంకుమ, బంతిపూలు. నా పక్క బల్ల ఆయనా నేనూ ఒకే ప్రింటరు వాడతాం. ఆయన బొట్టు పెడతాడు, నేను ఆ పూట టీ తాగడానికి బయటికి వెళ్తాను, వచ్చేసరికి కొబ్బరిముక్కల పళ్ళెం నా ముందుకు రాకుండా స్వీటు బాక్సు వస్తుంది. ఎప్పుడూ మాట్లాడుకోలేదు, అలా కుదిరిపోయింది. మా చర్చిలోనే ప్రసాదం తీసుకుని "విగ్రహం వట్టిదని తెలుసు కదా, కొబ్బరి కొబ్బరే" అనే మనిషి ఉన్నాడు. కొరింథు మొదటి పత్రిక 8 ప్రకారం ఆయన మాటలో తప్పు లేదు. నాకు కుదరదు, అంతే. ఎవడి మనసులో వాడు రూఢి చేసుకోవాలని రోమా 14 చెబుతుంది, సందేహిస్తూ తినవద్దనీ చెబుతుంది. నా రూఢి ఆయనకు చట్టం కాదు. మా తొలి విశ్వాసులు జాతర్లలో డప్పు కొట్టం అన్నప్పుడు, చచ్చిన పశువు మాంసం తినం అన్నప్పుడు, ఊరి బావి దగ్గర, పొలం పని దగ్గర దెబ్బలు తిన్నారు. వాళ్ళు చెల్లించినంత ధర నా కొబ్బరిముక్కకు లేదు, ఆ సంగతి గుర్తుంచుకుని మాట్లాడతాను.

మనకు వింతగా తోచే మనస్సాక్షి ఎదురైతే ఏం చేయాలో ఒక తెలుగు జడ్జిగారు చూపించారు. 1985లో కేరళలో యెహోవా సాక్షుల కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు బడిలో జాతీయగీతం వచ్చినప్పుడు గౌరవంగా నిలబడేవాళ్ళు గానీ పాడేవాళ్ళు కాదు. బడి నుంచి తీసేశారు. 1986 ఆగస్టులో సుప్రీంకోర్టులో జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి గారు తీర్పు రాస్తూ, ఆ నమ్మకం మనకు సబబుగా ఉందా అన్నది ప్రశ్న కాదు, వాళ్ళు నిజాయితీగా నమ్ముతున్నారా అన్నదే ప్రశ్న అన్నారు. పిల్లల్ని మళ్ళీ చేర్చుకోమన్నారు. వాళ్ళ సిద్ధాంతం మా చర్చి ఒప్పుకోదు. అయినా ఆ తీర్పు మా యువజన కూటంలో చదివించాను.

కాగితంలో ఒకటి, చర్చిలో ఒకటి

అన్నిటికంటే బరువైన ప్రశ్న ఇది. పిల్లలు గదిలో ఇంకెవరూ లేనప్పుడు అడుగుతారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులు లేరు. మన రాష్ట్రంలో మతం మారిన దళితులు బీసీ-సీ, ఒక శాతం. బాప్తిస్మం తీసుకుంటే కులం పోతుందని చట్టం అనుకుంటుంది, మా ఊళ్ళో మాత్రం ఎవరూ అనుకోలేదు. అందుకని తండ్రులు పిల్లల సర్టిఫికెట్లు పాత పద్ధతిలోనే, హిందూ ఎస్సీ అనే, తీయించారు. ఇప్పుడు పిల్లవాడు పెద్దై, నిజంగా నమ్మి, బాప్తిస్మానికి పేరిచ్చి, ఆ రాత్రి నిద్రపోలేక మా ఇంటికి వస్తాడు.

నాది బీసీ-సీ. దానివల్ల ఏం పోయిందో నాకు తెలుసు. అయినా ఇంకొకరిని దొంగా అనే హక్కు అది నాకివ్వలేదు. ముందుగా ఆ అబ్బాయికి చెప్పేది, ఏ నష్టమూ లేని సర్టిఫికెట్ జేబులో పెట్టుకుని నిన్ను నిందించేవాడి మాట నీ మనస్సాక్షి అనుకోకు అని. తర్వాత కాగితాలన్నీ తెమ్మంటాను. వాళ్ళ నాన్న సంతకం పెట్టినవి ఒక పక్క, పద్దెనిమిదేళ్ళు నిండాక వాడు సంతకం పెట్టినవి ఇంకో పక్క. మొదటివి వాడి నేరం కాదు. రెండోవాటిలో ఏది బయటికి చదవలేకపోతున్నాడో చూడమంటాను. జరిగినదానికి చట్టం ఏమంటుందో, ఉద్యోగం మీద ఏం పడుతుందో వకీలును అడగాల్సిందే, ఆ సలహా నేను ఇవ్వను. తల్లిదండ్రులకు, వెనకున్న చెల్లెళ్ళకు చెప్పకుండా రాత్రికి రాత్రి తేల్చొద్దంటాను. ఒకటి మాత్రం గట్టిగా చెబుతాను. లోపల తెలిసిపోయాక, ఇక ముందు కొత్తగా వచ్చే ఫారంలో మతం అనే గడి దగ్గర అబద్ధం రాయొద్దు.

కొందరు మళ్ళీ రారు. కొందరు చాలాకాలానికి ఫారం పట్టుకుని వస్తారు, ఇంకా నింపకుండా. అప్పుడు టీ చెప్పి, పక్క కుర్చీ లాగి, పెన్ను వాళ్ళ చేతికే ఇస్తాను.